టెక్సాస్‌లో ఎవరికి ఓటేసినా ఫలితం మారదంటున్నారు, మరి నేను ఎలా నిర్ణయించుకోవాలి?

ఫ్రిస్కో_వాసి
అందరికీ నమస్కారం. ఈ మధ్యే అమెరికా పౌరసత్వం వచ్చింది, ఓటరుగా నమోదు కూడా అయ్యాను. 2028లో మొదటిసారి అధ్యక్ష ఎన్నికలో ఓటు వేయబోతున్నాను. ఇప్పట్నుంచే ఆలోచన మొదలైంది, ఎందుకంటే మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. మా ఆవిడ గట్టిగా డెమోక్రాట్ల వైపు. ప్లేనోలో ఉండే బావమరిది అంతే గట్టిగా రిపబ్లికన్. పండక్కి కలిసినా చివరికి మాటలు అక్కడికే చేరతాయి.

ఆఫీసులో ఒకాయన మాత్రం, "టెక్సాస్ 1976లో జిమ్మీ కార్టర్ తర్వాత ఒక్కసారి కూడా డెమోక్రాట్‌ని గెలిపించలేదు. నువ్వు వేసినా వేయకపోయినా ఒకటే" అన్నాడు. ఆ మాట మనసులో పడిపోయింది. ఇన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న ఓటుకు విలువ లేదంటే ఎలా?

మీరు పార్టీని చూసి వేస్తారా, మనిషిని చూసి వేస్తారా? మొదటిసారి ఎలా తేల్చుకున్నారు?

నిర్వాహకుడు
మంచి ప్రశ్న. ఎవరికి వేశారో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఎందుకు వేశారో మాత్రం చెప్పండి. తిట్లు, కులాల ప్రస్తావన కనిపిస్తే ఆ పోస్టు తీసేస్తాను.

జార్జియా_మామ
నేను చెప్పడానికి మొహమాటపడను. 2004లో బుష్‌కి వేసిన దగ్గర్నుంచి రిపబ్లికన్‌నే. చిన్న వ్యాపారం నడుపుతాను, నెలాఖరుకి జీతాలు ఇవ్వాల్సినవాణ్ణి. పన్నులు తక్కువ ఉండాలి, ప్రభుత్వం నా లెక్కల పుస్తకంలో అవసరానికి మించి తల దూర్చకూడదు, వీధిలో పోలీసు కనిపించాలి. ఈ మూడూ నాకు ఆ పార్టీలోనే దొరికాయి.

ఇక "ఫలితం మారదు" అన్న మాట. జార్జియా గురించి కూడా ఇదే అనేవాళ్లు. 1992లో క్లింటన్ తర్వాత ఇక్కడ డెమోక్రాట్ గెలవలేదు. 2020లో బైడెన్ గెలిచాడు, తేడా 11,779 ఓట్లు. దాదాపు 50 లక్షల ఓట్లు పోలైన రాష్ట్రంలో అంతే తేడా! మా ఫోర్సైత్ కౌంటీ 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీకి 80 శాతం ఇచ్చింది. 2020కి వచ్చేసరికి ట్రంప్‌కి 66 శాతం. కౌంటీలో ఇప్పటికీ మాదే పైచేయి, కానీ ఆ తగ్గిన 14 శాతంలో మనవాళ్ల కొత్త ఇళ్లు ఎన్ని ఉన్నాయో మా వీధి చూస్తే తెలుస్తుంది. అది నాకు నచ్చిన మార్పు కాదు. అయినా జరిగింది జరిగింది.

మీ కాలిన్ కౌంటీ కూడా అంతే. 2012లో రామ్నీకి దాదాపు 65, 2020లో ట్రంప్‌కి 51, 2024లో మళ్లీ 54. అటూ ఇటూ కదులుతున్న చోట ఓటుకు విలువ లేదని ఎలా అంటారు?

ఎడిసన్_అక్క
మామ గారితో రాజకీయంగా నాకు ఎప్పుడూ పడదు, కానీ ఈ ఒక్క విషయంలో ఆయన మాట నిజం. మా న్యూజెర్సీని కళ్లు మూసుకుని డెమోక్రాట్ల ఖాతాలో రాస్తారు. 2020లో బైడెన్‌కి 16 పాయింట్ల ఆధిక్యం. 2024లో హ్యారిస్‌కి వచ్చింది ఆరే. నాలుగేళ్లలో పది పాయింట్లు జారిపోయాయంటే మాకు నిద్ర పట్టలేదు.

నేను డెమోక్రాట్‌ని ఎందుకయ్యానో చెప్తాను. హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే హెచ్4 వీసా మీద వచ్చి, చదువుండీ ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న ఆడవాళ్లలో నేనొకదాన్ని. ఆ వీసా మీద ఉన్న భార్యలు కొందరికైనా పని చేసుకునే అనుమతి 2015లో ఒబామా ప్రభుత్వం ఇచ్చింది. ఒబామా 2010లో తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం వల్ల పాత జబ్బు ఉందని చెప్పి బీమా నిరాకరించే వీలు పోయింది, పిల్లలకు 26 ఏళ్లు వచ్చేదాకా మన బీమాలోనే ఉండొచ్చు. ఇవి సభల్లో చప్పట్ల కోసం చెప్పే మాటలు కావు, మా ఇంటి బతుకు మార్చినవి.

2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజే, ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వు గుర్తుందా? తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో కాకపోతే, ఇక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదన్నది. కోర్టులకు ఎక్కింది సరే. ఆ వారం నెలలు నిండిన మన ఆడపిల్లలు ఎంత బెంగపడ్డారో నేను చూశాను. పన్నుల లెక్క చూసుకుని ఆ బెంగను పక్కన పెట్టలేను మామ గారూ.

మిషిగన్_మాస్టారు
ఫ్రిస్కో గారూ, "పార్టీనా, మనిషా" అన్న మీ ప్రశ్నకు కాస్త పొడుగ్గా జవాబు చెప్తాను, ఓపిక పట్టండి.

అమెరికన్లలో ఎక్కువమంది ప్రతి ఎన్నికకూ కొత్తగా కూర్చుని బేరీజు వేయరు. మా మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1950లలో వేల మందితో మాట్లాడి, 1960లో బయటపెట్టిన విషయం ఇది: పార్టీ అభిమానం చిన్నప్పుడే ఇంట్లో అంటుకుంటుంది, ఆ తర్వాత వార్తలనూ అభ్యర్థులనూ జనం ఆ కళ్లతోనే చూస్తారు. మన ఊళ్లలో తాత కాలం నుంచి ఒకే గుర్తుకు ఓటేసే ఇళ్లు లేవూ, అలాగన్నమాట. గ్యాలప్ సర్వేల్లో ఈమధ్య 40 శాతం పైగా "మేం స్వతంత్రులం" అని చెప్పుకుంటున్నారు. రెండో ప్రశ్నగా "పోనీ ఎటు మొగ్గు?" అని అడిగితే వాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక వైపు చూపిస్తారు, ఓటు కూడా అటే వేస్తారు. నిజంగా గోడ మీద ఉండేవాళ్లు చాలా తక్కువ.

మరి పార్టీ అంత గట్టిగా పట్టుకుని ఉంటే పటం ఎలా మారుతుంది? ఇక్కడే నాకు ఈ దేశం ఆసక్తిగా ఉంటుంది. కాలిఫోర్నియా 1952 నుంచి 1988 దాకా, ఒక్క 1964 తప్ప, ప్రతి అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్లకే వేసింది. వెస్ట్ వర్జీనియా బొగ్గుగని కార్మికులు 1996లో క్లింటన్‌ని గెలిపించారు. ఇవాళ ఆ రాష్ట్రం రిపబ్లికన్లకు కంచుకోట. పెద్ద మలుపు 1964. ఆ ఏడాది జాతి వివక్షను నిషేధించిన పౌరహక్కుల చట్టం మీద డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. సెనేట్‌లో దానికి వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్ గోల్డ్‌వాటర్ ఆయనకు ప్రత్యర్థి. గోల్డ్‌వాటర్ దేశమంతా చిత్తుగా ఓడిపోయాడు, గెలిచినవి ఆరు రాష్ట్రాలే: సొంత అరిజోనా, దానితోపాటు లూసియానా, మిసిసిపీ, అలబామా, జార్జియా, సౌత్ కరోలినా. వందేళ్లుగా డెమోక్రాట్లను అంటిపెట్టుకున్న దక్షిణాది తెల్లవారు అక్కణ్నుంచి మెల్లగా రిపబ్లికన్ల వైపు జరిగారు. నల్లజాతి ఓటర్లు డెమోక్రాట్ల వైపు దాదాపు పూర్తిగా వచ్చేశారు.

ఇప్పుడు నడుస్తున్న మలుపు చదువు దగ్గర. డిగ్రీ ఉన్న తెల్లవారు డెమోక్రాట్ల వైపు, డిగ్రీ లేనివారు రిపబ్లికన్ల వైపు. 2024లో అది జాతుల గీత కూడా దాటింది. మీ టెక్సాస్‌లోనే, సరిహద్దు మీద ఉన్న స్టార్ కౌంటీ ఉంది. జనాభాలో 95 శాతానికి పైగా హిస్పానిక్‌లు. 1892 తర్వాత మొదటిసారి 2024లో రిపబ్లికన్‌కి వేసింది. అమ్మానాన్నల దగ్గర అంటుకున్న అభిమానం కూడా తెగుతుంది. ఒక ఎన్నికలో కాదు, బతుకు మారినప్పుడు.

హన్మకొండ_నుంచి
మాస్టారూ, మంచిగ చెప్పిన్రు. నేను హన్మకొండల ఉంటా, మా బిడ్డ అక్కడ చదువుతున్నది. నాకు సమజ్ గానిది ఒక్కటే. 2016ల ట్రంప్ కంటె హిల్లరీ క్లింటన్‌కు దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువొచ్చినయంటరు గదా, మరి ఓడిపోవుడేంది?

మిషిగన్_మాస్టారు
ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ లెక్కలు చూడండి. 2024లో వైకాపాకు 39 శాతం ఓట్లు వచ్చాయి, 175లో సీట్లు 11. ఓట్లు ఎన్ని అన్నదే కాదు, ఎక్కడ పడ్డాయన్నది కూడా ముఖ్యం.

ఇక్కడ అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది రాష్ట్రాలవారీగా ఎంపికయ్యే 538 మంది ఎలెక్టర్లు. ప్రతినిధుల సభ సీట్ల లెక్కన 435, సెనేట్ సీట్ల లెక్కన 100, రాజధాని వాషింగ్టన్‌కు 3. గెలవాలంటే 270. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం మొత్తం గెలిచినవాడిదే. క్లింటన్‌కి కాలిఫోర్నియాలో లక్షల ఆధిక్యం వచ్చింది, దానివల్ల అదనంగా ఒక్క ఎలెక్టర్ కూడా రాలేదు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 80 వేల ఓట్ల లోపు తేడాతో ట్రంప్ పట్టుకుపోయాడు. ఆ రాత్రి మా కౌంటీలో లెక్కింపు చూస్తూ కూర్చున్నవాణ్ణి. మా వీధిలో ఓటు వేయడానికి వెళ్లని ఇళ్లు నాకు తెలుసు, ఇప్పటికీ బాధే.

ఈ పద్ధతి న్యాయమేనా అంటే, కాదనే నా అభిప్రాయం. ఆరు లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కు 3, నాలుగు కోట్లకు దగ్గరగా ఉన్న కాలిఫోర్నియాకు 54. భాగించి చూసుకోండి.

జార్జియా_మామ
మాస్టారూ, అక్కడ నాకు అభ్యంతరం ఉంది. మొత్తం ఓట్లే లెక్కయితే అభ్యర్థులు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, షికాగోల్లోనే తిరుగుతారు. రైతు ఉండే అయోవాకు ఎవరొస్తారు? పైగా 2024లో ట్రంప్ 312 ఎలెక్టర్లతో పాటు మొత్తం ఓట్లలోనూ ముందే ఉన్నాడు, 49.8కి 48.3. పోటీ ఉన్న ఏడు రాష్ట్రాలూ గెలిచాడు. పద్ధతిని తిట్టి లాభం లేదు.

మిషిగన్_మాస్టారు
2024 గెలుపు అన్ని రకాలా గెలుపే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇప్పుడు మాత్రం రైతు దగ్గరికి వస్తున్నారా? పోటీ లేని రాష్ట్రాల్లోని పల్లెలకూ రావడం లేదు, పట్నాలకూ రావడం లేదు. 2024లో ప్రచారం దాదాపు అంతా ఆ ఏడు రాష్ట్రాల్లోనే కదా.

ఇక్కడే_పుట్టా
హాయ్ అండీ, నా తెలుగు కొంచెం అటూ ఇటూ ఉంటే ఏమనుకోకండి. పెన్సిల్వేనియాలో పెరిగాను. 2024 నా మొదటి ఓటు. అమ్మానాన్న ఒబామా అంటే ప్రాణం పెట్టేవాళ్లు, మాస్టారు అంకుల్ చెప్పినట్టు నాకూ అదే అంటుకుంది. నేను హ్యారిస్‌కి వేశాను. నాతో ఒకే ఇంట్లో పెరిగిన మా అన్న ట్రంప్‌కి వేశాడు.

అన్న ఎందుకు మారాడో చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఉద్యోగంలో చేరిన ఏడాదే అద్దెలు, సరుకుల ధరలు మండిపోయాయి. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం. "నా జీతం అంతా అద్దెకే పోతుంటే ప్రజాస్వామ్యం ప్రమాదంలో ఉందని నాకు చెప్తున్నారు" అనేవాడు. ట్రంప్ పాడ్‌కాస్ట్ నడిపే జో రోగన్‌తో మూడు గంటలు కూర్చుని మాట్లాడింది మొత్తం విన్నాడు. "కనీసం వచ్చి కూర్చున్నాడు" అన్నాడు. నాకు ఆ మాటలు నచ్చలేదు, కానీ అన్నని తెలివితక్కువవాడని అనుకోను.

ఇది మా ఇంటి సంగతే కాదు. కార్నెగీ సంస్థ 2024 ఎన్నికకు ముందు భారతీయ అమెరికన్ల మీద చేసిన సర్వేలో మేం డెమోక్రాట్లం అన్నవాళ్లు 47 శాతం. 2020లో 56. ఆడవాళ్లలో 67 శాతం హ్యారిస్‌కి వేస్తామన్నారు, మగవాళ్లలో 53. నలభై లోపు మగవాళ్లలో అయితే ట్రంప్‌దే కాస్త పైచేయి. మా తరంలో అమ్మాయిలు, అబ్బాయిలు విడిపోతున్నారు. అది నన్ను నిజంగా భయపెడుతోంది.

ఎడిసన్_అక్క
అమ్మా, నీ తెలుగు బంగారంలా ఉంది. మీ అన్న మాటలో న్యాయం ఉంది. ధరల గురించి మా పార్టీ వాళ్లు "గణాంకాలు బాగున్నాయి" అని చెప్పుకుంటూ కూర్చున్నారు. కొట్టుకెళ్లి గుడ్లు కొనేవాడికి గణాంకాలు చెప్తే ఒళ్లు మండుతుంది.

క్యూలో_ఉన్నాను
ఓటు లేనివాడి మాట కూడా వినండి. నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఏ దేశానికైనా ఏడాదిలో ఏడు శాతానికి మించి ఉద్యోగ గ్రీన్‌కార్డులు ఇవ్వకూడదన్న నిబంధన వల్ల మనవాళ్ల వరస కదలదు. పన్నులు కడతాను, ఇల్లు కొన్నాను, పిల్లలు ఇక్కడి బడికే వెళ్తారు. 2025 సెప్టెంబరులో విదేశాల నుంచి తెచ్చుకునే కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ప్రకటన వచ్చినప్పుడు, అది ఎవరికి వర్తిస్తుందో తెలియక సెలవు మీద ఇంటికి వెళ్లినవాళ్లు విమానాశ్రయాలకు పరుగెత్తారు. మామ గారూ, మిమ్మల్ని గౌరవంగానే అడుగుతున్నాను. ఆ రోజు మీకేమనిపించింది?

జార్జియా_మామ
తమ్ముడూ, కష్టం అనిపించింది. నేనూ హెచ్1బీ మీద వచ్చినవాణ్ణే. ఆ రుసుము తప్పని మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు రాశాను. రిపబ్లికన్ ఓటరు రాసిన ఉత్తరమని వాళ్లకు తెలిసేలానే రాశాను. కానీ ఒక్క విషయం కోసం పార్టీ మారను. ఏ పార్టీ అయినా నాకు నచ్చినవీ నచ్చనివీ కలిపే ఇస్తుంది. విడివిడిగా ఏరుకునే వీలు ఓటులో లేదు.

ఎడిసన్_అక్క
క్యూలో ఉన్న తమ్ముడికి ఇంకో సంగతి. నీ ఏడు శాతం గీత అధ్యక్షుడు ఒక సంతకంతో చెరిపేసేది కాదు, చట్టం మారాలి. దాన్ని తీసేసే బిల్లు 2019 జూలైలో ప్రతినిధుల సభలో 365-65తో గెలిచింది, రెండు పార్టీలవాళ్లూ వేశారు. సెనేట్‌లో దాన్ని భుజాన వేసుకున్నది యూటా రిపబ్లికన్ మైక్ లీ. కమలా హ్యారిస్ కూడా మద్దతుదారే. 2019లో అడ్డం పడింది ఎవరనుకున్నావ్? ఇలినాయ్ డెమోక్రాట్ డిక్ డర్బిన్. మా పార్టీ మనిషే. 2020 డిసెంబరులో సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది, రెండూ కలవక బిల్లు మురిగిపోయింది. డెమోక్రాట్‌ని కాబట్టి డర్బిన్‌ని వెనకేసుకొస్తానని ఎవరూ అనుకోవద్దు.

ఫ్రిస్కో తమ్ముడూ, అందుకే చెప్తున్నా. బ్యాలెట్ పైన ఉన్న రెండు పేర్లతో ఆపకు. కింద సెనేటర్ ఎవరు, కాంగ్రెస్ సభ్యుడు ఎవరు, అదీ చూడు.

క్యూలో_ఉన్నాను
థాంక్స్ అక్కా. ఈ దారం చదివే గ్రీన్‌కార్డు వాళ్లకు ఒక హెచ్చరిక. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఫారం నింపేటప్పుడు "ఓటరుగా నమోదు చేయాలా" అన్న గడి వస్తుంది. పౌరసత్వం లేనివాళ్లు పొరపాటున కూడా అవును అని టిక్కు పెట్టొద్దు. పౌరసత్వ దరఖాస్తులో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని అడుగుతారు. పౌరులు కానివాళ్లు ఓటు వేస్తే నేరం, దేశం నుంచి పంపేసే దాకా వెళ్తుంది.

నిర్వాహకుడు
పై పోస్టును దారం పైభాగంలో అతికించాను.

హన్మకొండ_నుంచి
ఇంకోటి అడుగుత. ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉషా వాన్స్ వాళ్లది తణుకు దగ్గర వడ్లూరు అని ఇక్కడి టీవీలన్నీ చూపెట్టినయ్. కమల గెలవాలని తమిళనాడుల వాళ్ల తాత ఊరి గుడిల పూజలు చేసిన్రు. అక్కడి మనోళ్లు అట్ల చూసి ఓటేస్తరా?

ఎడిసన్_అక్క
సంతోషం వేరు, ఓటు వేరు అన్నా. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయితే మేం స్వీట్లు పంచుకున్నాం. ఉష ఇంట్లో తెలుగు మూలాలున్నాయని నేను వాన్స్‌కి వేయలేదు, వేయను.

జార్జియా_మామ
నేను వాన్స్ ఉన్న టికెట్‌కే వేశాను, ఉష కోసం కాదు. మనవాళ్లు రెండు వైపులా ఉండటం మంచిదే. ఒకే పార్టీ జేబులో పడిపోతే ఆ పార్టీ పట్టించుకోదు, రెండోది అడగదు.

ఫ్రిస్కో_వాసి
ఇన్ని విషయాలు ఒక్కచోట ఎక్కడా చదవలేదు. ఒక్క సందేహం. రెండూ నచ్చకపోతే మూడో పార్టీకి వేయొచ్చు కదా?

మిషిగన్_మాస్టారు
వేయొచ్చు, వేసేముందు రెండు ఎన్నికలు గుర్తు చేసుకోండి. 1992లో మీ డల్లాస్ వ్యాపారి రాస్ పెరోకి దేశమంతా దాదాపు 19 శాతం ఓట్లు వచ్చాయి. ఎలెక్టర్లు సున్నా. 2000లో ఫ్లోరిడాలో రాల్ఫ్ నాడర్‌కు 97 వేల పైచిలుకు. అక్కడ డెమోక్రాట్ గోర్ మీద రిపబ్లికన్ బుష్ ఆధిక్యం 537. నాడర్‌కి వేసినవాళ్లలో ఎక్కువమందికి బుష్ కన్నా గోర్ నయం అనిపించేదని నా నమ్మకం. పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రంలో నేనైతే ఆ సాహసం చేయను. టెక్సాస్‌లో మీరు చేస్తే తప్పు పట్టను.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు కూడా ఇక్కడే చెప్పేస్తాను. టెక్సాస్‌లో 1994 తర్వాత రాష్ట్రవ్యాప్త పదవి ఒక్కటి కూడా డెమోక్రాట్లు గెలవలేదు. అంటే గవర్నర్, సెనేటర్ ఎవరన్నది చాలావరకు నవంబరులో కాదు, మార్చిలో రిపబ్లికన్ ప్రైమరీలోనే, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే, తేలిపోతుంది. దానికి వచ్చేవాళ్లు నవంబరు ఓటర్లలో చిన్న భాగం. మీ ఓటు బరువు అక్కడ ఎన్నో రెట్లు పెరుగుతుంది. మనసు డెమోక్రాట్ల వైపే ఉంటే వాళ్ల ప్రైమరీలో బలమైన అభ్యర్థిని నిలబెట్టడం కూడా అంతే ముఖ్యం. పార్టీ, మనిషి రెండూ ఒకేసారి చూసే అవకాశం ప్రైమరీలోనే ఉంది. అక్కడ అందరిదీ ఒకే పార్టీ కాబట్టి మనిషిని చూడక తప్పదు.

ఇంకా మనిషిని చూసి వేసేవాళ్లు లేరని కూడా అనుకోకండి. 2024లో నార్త్ కరోలినా ట్రంప్‌ని గెలిపించింది, అదే రోజు గవర్నర్‌గా డెమోక్రాట్ జాష్ స్టైన్‌ని దాదాపు 15 పాయింట్ల తేడాతో ఎన్నుకుంది. మా మిషిగన్‌లోనూ ట్రంప్ గెలిచాడు, సెనేట్‌కి డెమోక్రాట్ ఎలిసా స్లాట్కిన్ గెలిచింది.

ఇక్కడే_పుట్టా
మా పెన్సిల్వేనియాలో పార్టీలో నమోదైనవాళ్లకే ఆ పార్టీ ప్రైమరీ. మా అన్న మొన్నటిదాకా ఏ పార్టీలోనూ లేడు, అందుకే 2024 ప్రైమరీలో వేయలేకపోయాడు. టెక్సాస్‌లో కూడా అంతేనా?

ఫ్రిస్కో_వాసి
నేనూ అదే అడగబోతున్నాను. నా ఓటరు కార్డు మీద పార్టీ పేరు ఏమీ లేదు. బావమరిది తన పార్టీ ప్రైమరీకి రమ్మంటాడు, మా ఆవిడ తన పార్టీకి రమ్మంటుంది.

జార్జియా_మామ
టెక్సాస్, జార్జియా రెండింట్లోనూ ఓటరు నమోదులో పార్టీ రాయరు. ప్రైమరీ రోజు పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెప్పడమే. 2026లో టెక్సాస్ ప్రైమరీ తేదీ మార్చి 3. ఎన్నికకు 30 రోజుల ముందే నమోదై ఉండాలి, మీరు అయ్యారు కాబట్టి ఇబ్బంది లేదు. ఫోటో గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. ఒక్కటి గుర్తుంచుకోండి: ఒకసారి ఒక పార్టీ బ్యాలెట్ తీసుకుంటే, ఎవరికీ సగానికి మించి రాక మే నెలలో రెండో విడత జరిగినప్పుడు ఇంకో పార్టీ దాంట్లో వేయనివ్వరు. నవంబరులో మాత్రం ఎవరికైనా వేసుకోవచ్చు.

ఫ్రిస్కో_వాసి
అర్థమైంది మామ గారూ. మార్చిలో ఏ బ్యాలెట్ అడగాలన్నదే ముందు తేల్చుకుంటాను. సెనేట్‌కి రెండు పార్టీల్లోనూ ఎవరెవరు నిలబడ్డారో, వలస చట్టాల మీద ఒక్కొక్కరు ఏమన్నారో ఇవాళ్టి నుంచే చదవడం మొదలుపెడుతున్నాను. అక్కడ సందేహం వస్తే కొత్త దారం తెరుస్తాను.